షీట్‌లో 'సి' అని ఉంటే 'సి'యే వినిపించాలా? ట్రంపెట్, హార్న్, గొంతుల పాత నొటేషన్ కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కొడుకు.

వాడు రెండేళ్లుగా ఊళ్లో బ్యాండ్‌వాళ్లతో ట్రంపెట్ వాయిస్తున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి స్టాఫ్ నొటేషన్, అదే ఐదు గీతల మీద రాసే పద్ధతి, సొంతంగా నేర్చుకున్నాడు. మొన్న ఒక ఫంక్షన్‌లో కీబోర్డ్ వాయించే ఫ్రెండ్‌తో కలిసి ఒక పాట మొదలుపెట్టాడు. ఇద్దరి ముందూ ఒకటే షీట్, ఒకటే పీడీఎఫ్. మొదటి లైన్‌కే అందరూ తలలు తిప్పి చూశారు. ఒక పెద్దాయన అయితే "ముందు శ్రుతి చూసుకోరా నాయనా" అనేశాడు. వాడు ఇంటికొచ్చి ట్రంపెట్ పెట్టెలో పెట్టేసి నెలరోజులు ముట్టుకోలేదు.

అసలు విషయం ఏంటంటే, వాడు తప్పు వాయించలేదు. కీబోర్డ్ అబ్బాయీ తప్పు వాయించలేదు. షీట్‌లో కూడా తప్పు లేదు. మరి తేడా ఎక్కడొచ్చింది? దానికి జవాబు మూడొందల ఏళ్ల కిందటి యూరప్‌లో ఉంది. రండి, మెల్లగా చూద్దాం.

మనకి తెలిసిన 'స'తో మొదలుపెడదాం

కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పుస్తకంలో 'స రి గ మ' అని ఉంటుంది. ఆ 'స' ఏ కట్ట మీద ఉండాలో పుస్తకం చెప్పదు. ఒకరు ఒకటో శ్రుతిలో పాడతారు, ఇంకొకరు ఐదున్నర శ్రుతిలో పాడతారు. రాత మాత్రం ఒక్కటే. అంటే 'స' అనేది ఒక స్థానం. అది ఎంత ఎత్తులో వినిపిస్తుందనేది శ్రుతి పెట్టె నిర్ణయిస్తుంది.

కీబోర్డ్ నొటేషన్ అలా కాదు. అక్కడ 'సి' అంటే ఆ మీట మీద పలికే ఆ ఒక్క శబ్దమే. మన లెక్కలో సి అంటే ఒకటి, డి అంటే రెండు, ఇ అంటే మూడు, ఎఫ్ అంటే నాలుగు, జి అంటే ఐదు. బి ఫ్లాట్ అంటే ఆరున్నర.

ఇప్పుడు అసలు పాయింట్. యూరప్‌లో ట్రంపెట్‌కి, హార్న్‌కి రాసిన పాత నొటేషన్ చూడ్డానికి కీబోర్డ్ నొటేషన్‌లాగే ఉంటుంది. అదే ఐదు గీతలు, అవే చుక్కలు. కానీ దాని లోపల పనిచేసేది మన 'స' పద్ధతి. అక్కడ రాసిన సి అంటే 'నీ వాయిద్యం తాలూకు స' అని అర్థం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా విడిపోతుంది.

మీటలు లేని గొట్టం

ఇవాళ ట్రంపెట్ మీద మూడు మీటలు చూస్తున్నాం కదా, వాటిని వాల్వ్‌లు అంటారు. బాక్ కాలంలో, మోజార్ట్ కాలంలో అవి లేవు. ఒక పొడవాటి ఇత్తడి గొట్టం, ఒక చివర ఊదే మూతి, ఇంకో చివర గంటలా విప్పారిన నోరు. అంతే. దాన్ని నేచురల్ ట్రంపెట్, నేచురల్ హార్న్ అంటారు. (ఇక్కడ హార్న్ అంటే లారీ హారన్ కాదండోయ్, గుండ్రంగా చుట్టిన ఫ్రెంచ్ హార్న్.)

అలాంటి గొట్టంలోంచి మనకి కావాల్సిన స్వరం ఏదైనా రాదు. పెదాలు బిగించి ఊదే కొద్దీ కొన్ని మెట్లు మాత్రమే పలుకుతాయి. వాటిని మన భాషలో చెప్పుకుంటే, అన్నిటికంటే కింద ఒక సా, దాని పైన ఇంకో సా, తర్వాత పా, మళ్లీ సా. ఆ పైన గా, పా, కొంచెం దిగిపోయిన ఒక ని, మళ్లీ సా. ఇక్కడిదాకా ఎనిమిది మెట్లు. ఇక్కడినుంచే రి, గా, మ, పా అని స్వరాలు దగ్గర దగ్గరగా వస్తాయి. అందులో ఆ 'మ' కూడా శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ మధ్యలో ఎక్కడో వేలాడుతుంది.

అంటే కింద స్థాయిలో దాదాపు సా, పా, గా తప్ప ఇంకేం లేవు. ఒక ట్యూన్ వాయించాలంటే బాగా పైకి వెళ్లాలి. బాక్ సంగీతంలో ట్రంపెట్ ఎప్పుడూ అంత ఎత్తులో ఎందుకు అరుస్తుంటుందని మీకు డౌట్ వచ్చిందా? ఆయన 1721లో అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కచేరీల్లో రెండోది విని చూడండి. అందులో ట్రంపెట్ అంత ఎత్తున తిరగడానికి పెద్ద కారణం ఈ మెట్ల లెక్కే. ట్యూన్ దొరికేది అక్కడే మరి.

సరే, రాగం మారితే ఏం చేయాలి? పాట డిలో ఉంటే డి పొడవున్న గొట్టం కావాలి, ఎఫ్‌లో ఉంటే ఎఫ్ పొడవు కావాలి. హార్న్‌వాళ్లు దీనికి క్రూక్ అనే చుట్టలు వాడేవాళ్లు. అంటే హార్న్‌కి తగిలించే అదనపు గొట్టం ముక్కలు. చుట్ట మారిస్తే గొట్టం పొడవు మారుతుంది, శ్రుతి మారుతుంది. మనం శ్రుతి పెట్టె మీద అంకె మార్చినట్టే. ఎఫ్ హార్న్ గొట్టం విప్పి కొలిస్తే సుమారు 12 అడుగులు. శ్రుతి ఇంకా కిందికి దించాలంటే ఇంకా పొడుగు కావాలి.

ఇప్పుడు రాసేవాడి స్థానంలో నిలబడి చూడండి. హార్నిస్ట్‌కి తెలియాల్సింది రెండే విషయాలు. ఏ చుట్ట తగిలించాలి? ఏ మెట్టు మీద ఊదాలి? అందుకే షీట్ పైన "కోర్నో ఇన్ ఎఫ్" అనో "కోర్నో ఇన్ డి" అనో రాసేవాళ్లు. కింద మాత్రం అన్నీ సి స్కేల్‌లోనే. సా వచ్చిన చోట సి, పా వచ్చిన చోట జి, గా వచ్చిన చోట ఇ. చుట్ట ఏదైనా సరే, పెదాలు చేసే పని ఒక్కటే, రాత ఒక్కటే. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

అందుకే పాత స్కోర్లలో ఒక వింత కనిపిస్తుంది. మొత్తం ఆర్కెస్ట్రాకి మూడు ఫ్లాట్‌లు, నాలుగు షార్ప్‌లు ఉంటాయి. హార్న్, ట్రంపెట్ లైన్ల మొదట్లో మాత్రం ఏ గుర్తూ ఉండదు, ఖాళీ. ప్రింట్ చేసినవాడు మర్చిపోయాడేమో అనుకుంటారు చాలామంది. మర్చిపోలేదు. 'స' దగ్గర మొదలయ్యేవాడికి ఆ గుర్తులతో పని లేదు.

చెయ్యి లోపల పెడితే

18వ శతాబ్దం మధ్యలో డ్రెస్డెన్‌లో ఆంటోన్ యోసెఫ్ హాంపెల్ అనే హార్న్ వాద్యకారుడి పేరుతో ఒక టెక్నిక్ ప్రచారంలోకి వచ్చింది. హార్న్ గంట లోపల చెయ్యి పెట్టి మూస్తూ తెరుస్తూ ఉంటే మెట్ల మధ్యలో ఉన్న స్వరాలు కూడా పలుకుతాయి. కాకపోతే ఆ స్వరాల నాదం మారిపోతుంది. మూసిన చెయ్యి వెనక నుంచి వస్తున్నట్టు, కొంచెం ముక్కుతో పలికినట్టు ఉంటుంది.

మోజార్ట్ తన స్నేహితుడు యోసెఫ్ లాయిట్‌గెబ్ కోసం హార్న్ కచేరీలు రాసేటప్పుడు ఇదంతా తెలిసే రాశాడు. పాత షీట్‌లో చూస్తే సి, ఇ, జి ఉన్న చోట శబ్దం తెరిచి మోగుతుంది. షార్ప్, ఫ్లాట్ గుర్తు పడిన చోట చాలావరకు చెయ్యి మూసుకుంటుంది. అంటే షీట్ చూడగానే ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్నది కంటికి కనిపిస్తుంది.

ఇవాళ అదే సంగీతాన్ని ఎఫ్ హార్న్‌కి మార్చి ప్రింట్ చేస్తారు. ఇ ఫ్లాట్ హార్న్‌కి 'సి' అని ఉన్నది 'బి ఫ్లాట్' అయిపోతుంది. వినిపించే స్వరం సరైనదే, తప్పేం లేదు. కానీ ఏ స్వరం తెరిచింది, ఏది మూసింది అన్న సమాచారం ఆ మార్పులో చెదిరిపోతుంది. వాల్వ్ హార్న్ మీద వాయించేవాడు అన్నీ ఒకే రంగులో వాయించేస్తాడు. చదవడానికి సులువైంది నిజమే, దానికి బదులుగా ఒకటి పోయింది.

వాల్వ్‌లు వచ్చాక కూడా పాత రాతే ఎందుకు?

1818లో హైన్‌రిష్ స్టోల్జెల్, ఫ్రీడ్‌రిష్ బ్లూమెల్ అనే ఇద్దరు ప్రష్యాలో వాల్వ్‌కి పేటెంట్ తీసుకున్నారు. మీట నొక్కితే అదనపు గొట్టం కలుస్తుంది. అంటే చుట్ట మార్చే పని వేలితో, క్షణంలో అయిపోతుంది. ఇంకేం, ఆ రోజు నుంచే అందరూ కొత్త రాతలోకి మారిపోయి ఉంటారు అనుకుంటాం కదా? అస్సలు కాదు.

వాగ్నర్ 'లోహెన్‌గ్రిన్' ఆపెరా 1850లో మొదటిసారి ప్రదర్శించారు. అందులో హార్న్ షీట్ చూస్తే కొద్ది కొద్ది దూరంలోనే 'ఇన్ ఇ', 'ఇన్ ఎఫ్', 'ఇన్ జి' అంటూ శ్రుతి మారిపోతూ ఉంటుంది. అంత తొందరగా చుట్టలు మార్చడం ఎవరివల్లా కాదు. కొత్త వాయిద్యానికి పాత భాషలో రాశాడన్నమాట. ఆ తర్వాత 'ట్రిస్టన్ ఉంట్ ఇజోల్డె' ముందుమాటలో, వాల్వ్‌ల వల్ల లాభం చాలా ఉంది కానీ హార్న్ నాదంలో అందం కొంత పోయిందని తనే ఒప్పుకున్నాడు.

బ్రామ్స్ సంగతి ఇంకా గట్టిది. 1865లో ఆయన హార్న్, వయొలిన్, పియానోలకి ఒక ట్రయో రాశాడు. అప్పటికి వాల్వ్ హార్న్ మామూలైపోయింది. అయినా ఆయన కోరి మరీ నేచురల్ హార్న్‌కే, ఇ ఫ్లాట్‌లో రాశాడు. వాళ్ల నాన్న హార్న్ వాయించేవాడు, చిన్నప్పుడు బ్రామ్స్ కూడా నేర్చుకున్నాడు. ఆ ఏడాదే వాళ్లమ్మ చనిపోయింది. ఆ మూసిన చేతి వెనక నాదం ఆయనకి ఎందుకు కావాల్సి వచ్చిందో మనం ఊహించుకోవచ్చు.

గొంతులకి వేరే తాళాలు

ఇక పాడేవాళ్ల సంగతి. ఐదు గీతల ముందు ఒక మెలికల గుర్తు ఉంటుంది చూశారా, దాన్ని క్లెఫ్ అంటారు. ఏ గీత మీద ఏ స్వరం ఉందో చెప్పే తాళంచెవి అది. ఇవాళ మనకి ఎక్కువగా కనిపించేవి రెండు: ట్రెబుల్, బేస్. పాత రోజుల్లో బృందగానంలో నాలుగు గొంతులకి నాలుగు ఉండేవి. అందులో మూడింటికి సి క్లెఫ్ వాడేవాళ్లు. సోప్రానోకి అది కింద గీత మీద, ఆల్టోకి మధ్య గీత మీద, టెనార్‌కి కింద నుంచి నాలుగో గీత మీద కూర్చుంటుంది. బేస్‌కి ఎఫ్ క్లెఫ్.

ఎందుకీ తలనొప్పి అంటారా? ఒక్కో గొంతు పరిధి ఆ ఐదు గీతల్లోనే ఇమిడిపోవడానికి. పైనా కిందా చిన్న చిన్న అదనపు గీతలు గీసే అవసరం తగ్గుతుంది. కాగితం ఆదా, కళ్లకి సుఖం.

ఇక్కడ ఇత్తడికీ గొంతుకీ ఒక చుట్టరికం ఉంది. అదే ట్రాంబోన్. అది జారుడు గొట్టం కదా, అందుకే వాల్వ్‌లు రాకముందు నుంచే అన్ని స్వరాలూ పలికేది. చర్చిల్లో పాడేవాళ్ల గొంతుకి తోడుగా దాన్ని వాయించేవాళ్లు. మోజార్ట్ 'రెక్వియెం'లో కూడా ఆల్టో, టెనార్, బేస్ గొంతుల వెనకాల మూడు ట్రాంబోన్‌లు నడుస్తాయి. అందుకే ట్రాంబోన్‌కి హార్న్‌లా 'స' పద్ధతి రాలేదు. గాయకుల క్లెఫ్‌లే వచ్చాయి, రాసింది రాసినట్టే వినిపిస్తుంది. ఒకే ఆర్కెస్ట్రాలో పక్కపక్కన కూర్చున్న రెండు ఇత్తడి వాయిద్యాలకి రెండు వేరు వేరు రాతలు అన్నమాట.

చదవడంలో తేడా వస్తే ఏమవుతుంది?

ఇదంతా చరిత్ర కబుర్లు, మాకెందుకు అనుకోకండి. రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది, మాంటెవెర్డి 1610లో వెనిస్‌లో అచ్చువేసిన 'వెస్పర్స్'. అందులో చివరి మాగ్నిఫికాట్ లాంటి కొన్ని భాగాలు మామూలు కంటే పై క్లెఫ్‌ల సెట్‌లో రాసి ఉన్నాయి. ఆ కాలపు గాయకులకి ఆ సెట్ కనిపించగానే విషయం తెలిసిపోయేది: 'ఇది కిందికి దించి పాడాలి' అని. ప్రెటోరియస్ అనే జర్మన్ సంగీతజ్ఞుడు 1619 నాటి తన పుస్తకంలో నాలుగో స్వరమో ఐదో స్వరమో దించమని చెప్పాడు కూడా. తర్వాత ఆ ఆనవాయితీ మరుగున పడింది. 20వ శతాబ్దంలో చాలామంది రాసినట్టే పాడారు. గొంతులు చించుకున్నారు. 1984లో ఆండ్రూ పారట్ అనే కండక్టర్ పాత ఆధారాలు చూపించి, వీటిని నాలుగు స్వరాల కిందికి దించాలని గట్టిగా వాదించాడు. దించితే రంగు మొత్తం మారిపోతుంది. కీచుగా మెరిసే సంగీతం కాస్తా నిండుగా, నెమ్మదిగా అవుతుంది.

రెండోది ఇంకా చిత్రం. రోమ్‌లో సిస్టీన్ చాపెల్ కోసం 1630లలో అల్లెగ్రి అనే ఆయన 'మిసెరెరె' రాశాడు. ఇవాళ దాన్ని విన్నవాళ్లెవరికైనా గుర్తుండేది ఒక్కటే: గొంతు ఒక్కసారిగా ఆకాశంలోకి లేచే ఆ హై సి. పరిశోధకులు తేల్చిందేంటంటే, మూలంలో ఆ స్వరమే లేదు. మెండెల్సన్ 1831లో రోమ్‌లో ఆ పాట విని, నాలుగు స్వరాలు పైన ఉన్నట్టు రాసుకున్నాడు. 1880లో గ్రోవ్ సంగీత నిఘంటువులో అచ్చయిన ఉదాహరణలో ఆ ఎత్తులో ఉన్న ముక్క, మామూలు ఎత్తులో ఉన్న ముక్క ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ అతుకే ఇవాళ ప్రపంచమంతా పాడుతోంది. అందంగానే ఉంది, కాదనను. కానీ అల్లెగ్రి వింటే గుర్తుపట్టడేమో!

మరి మా తమ్ముడి సంగతి?

ఇవాళ్టి మామూలు ట్రంపెట్ బి ఫ్లాట్‌ది. షీట్‌లో సి చూసి ఊదితే కీబోర్డ్ మీది బి ఫ్లాట్ వినిపిస్తుంది. అంటే వాడి 'స' ఆరున్నర, కీబోర్డ్ అబ్బాయి 'స' ఒకటి. ఇద్దరూ సరిగ్గానే చదివారు, రెండు శ్రుతుల్లో వాయించారు.

వాల్వ్‌లు వచ్చి రెండొందల ఏళ్లయినా ఈ పద్ధతి ఎందుకు పోలేదు? ఒక మంచి కారణం ఉంది. బ్రిటన్‌లో గని కార్మికులు, మిల్లు కార్మికులు వాయించే బ్రాస్ బ్యాండ్‌లు పెరిగినప్పుడు, చిన్న కోర్నెట్ నుంచి పెద్ద ట్యూబా దాకా దాదాపు అన్నిటికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాశారు, ఒక్క బేస్ ట్రాంబోన్‌కి తప్ప. సి చూస్తే ఏ వాయిద్యం మీదైనా అదే వేలి పట్టు. బ్యాండ్‌లో ట్యూబా మనిషి తగ్గితే కోర్నెట్ మనిషిని అక్కడ కూర్చోబెట్టొచ్చు, చదవడం మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. మళ్లీ అదే మన 'స' పద్ధతి.

కాబట్టి ఫోన్‌లో పాత షీట్ డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడు ఈ నాలుగు చూసుకోండి:

1. పైన 'ఇన్' తర్వాత ఏముంది? అదే ఆ వాయిద్యం శ్రుతి. ఒక జాగ్రత్త: జర్మన్ షీట్‌లో ఉత్త బి అంటే బి ఫ్లాట్, మన బికి వాళ్లు హెచ్ అని రాస్తారు. ఇ పక్కన ఎస్ కలిపి రాస్తే అది ఇ ఫ్లాట్. ఇటాలియన్, ఫ్రెంచ్ షీట్‌లలో రే అంటే డి, ఫా అంటే ఎఫ్.

2. పైకా, కిందికా? ఎఫ్ హార్న్ రాసినదానికంటే ఐదో స్వరం కింద పలుకుతుంది. పాత ఎఫ్ ట్రంపెట్ నాలుగో స్వరం పైన పలుకుతుంది. అక్షరం ఒకటే, దిక్కు వేరు.

3. హార్న్ లైన్‌లో బేస్ క్లెఫ్ వచ్చిందా? పాత అలవాటులో ఆ చోట ఒక స్థాయి కిందికి దించి రాసేవాళ్లు. ఎఫ్ హార్న్ అక్కడ రాసినదానికంటే నాలుగో స్వరం పైన పలకాలి. కొత్త పద్ధతిలో చదివితే మొత్తం ఒక ఆక్టేవ్ కిందికి పోతుంది. యాప్‌లో పెట్టి మార్చినా ఇదే పొరపాటు జరగొచ్చు.

4. గొంతుల ముందు ఏ క్లెఫ్? 1851 నుంచి జర్మనీలో వచ్చిన పాత బాక్ సంపుటాల స్కాన్‌లలో సి క్లెఫ్‌లే ఉంటాయి. సోప్రానో లైన్‌ని ట్రెబుల్ అనుకుంటే కింద గీత మీది సి మీకు ఇ అయిపోతుంది. టెనార్‌కి ట్రెబుల్ క్లెఫ్ ఉండి, కింద చిన్న 8 కనిపిస్తే ఒక స్థాయి కింద పాడాలి. కొన్ని పుస్తకాల్లో ఆ 8 వేయరు, అయినా మగవాళ్లు కిందే పాడతారు.

మా తమ్ముడికి నేను చెప్పింది ఇంతే: "కీబోర్డ్ షీట్ ఇస్తే ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైన చదువు, సి ఉంటే డి ఊదు. షార్ప్‌లు రెండు పెరుగుతాయి, చూసుకో." వాడు కాసేపు నోరు తెరుచుకుని చూసి, "అంటే నేను అపశ్రుతి వాయించలేదా అన్నా?" అన్నాడు. లేదురా, నీ షీట్ కీబోర్డ్‌వాడి కోసం రాసింది, అంతే.

పెట్టె తెరిచాడు. ఇప్పుడు వాడి దగ్గరున్న ప్రతి షీట్ పైన పెన్సిల్‌తో ఒక అంకె ఉంటోంది: ఒకటి, ఆరున్నర, నాలుగు. పాత హార్న్ వాద్యకారులు కాగితం మీద మొట్టమొదట వెతికింది కూడా ఆ అంకెనే.

మీ చేతికి ఏదైనా పాత షీట్ దొరికితే, వాయించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి కోసం రాసింది? మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.